చివరి బెజ్జం

ఐదోసారి కూడా బొమ్మ విమానం అలాగే పడింది. ముక్కు పైకెత్తింది, గాలిలో ఒక్క క్షణం నిలబడింది, ఆ తర్వాత చచ్చిన కాకిలా నేలకి కొట్టుకుంది.

షేర్గాజీ రిమోట్‌ని గడ్డిలో పెట్టి అటు నడిచాడు. అరవై రెండేళ్ళ మనిషి. నలభై ఏళ్ళు గుర్రాల మంద కాశాడు. జీను మీంచి ఇప్పుడే దిగినవాడిలా ఇప్పటికీ కాళ్ళు ఎడంగా వేసి నడుస్తాడు. వెనక మిర్లాన్ తొందరపడలేదు. పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు ఉమ్ముతూ తాపీగా వచ్చాడు.

"బావా, అది గుర్రం కాదు. లాగితే ఆగదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"నేను లాగలేదు."

"మరి మీట దానంతటదే నీ బొజ్జ వైపుకి వచ్చిందా?"

"గాలి కొట్టింది."

"గాలి కొడితే నీ బొటనవేలు తెల్లబడుతుందా?"

షేర్గాజీ విరిగిన పంకా ముక్కలు ఏరి టోపీలో వేసుకున్నాడు.

"నన్ను బావా అనకు."

"మా అక్క మొగుడివి. ఇంకేమనమంటావు, కామ్రేడ్ అననా?"

మిర్లాన్‌కీ షేర్గాజీ భార్య బురుల్‌కీ రక్తసంబంధం ఏమీ లేదు. బురుల్ ముప్పై ఏళ్ళు పిల్లలకి బొమ్మ విమానాలు కట్టడం, ఎగరేయడం నేర్పింది. నేర్చుకున్న ప్రతివాడూ ఆమెని అక్కా అనేవాడు. ఆ లెక్కన వాళ్ళ ఊరు కోచ్‌కోర్‌లో సగం మంది మగాళ్ళు షేర్గాజీకి బావమరదులే. అతను కోరుకోని బావమరదులు. అందులో ముప్పై ఎనిమిదేళ్ళ ఈ మిర్లాన్ మరీ. బజారులో ఫోన్లు బాగుచేసుకుంటాడు. నోరు ఊరుకోదు.

బురుల్ పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం ఎనిమిది రోజుల్లో ఉంది. ఆమె చివరగా కట్టిన విమానం ఇంట్లో కిటికీ పక్క బల్ల మీద ఉంది. పొట్ట, తోక ఆమే పూర్తి చేసింది. రెక్కకి ఎముకల్లాంటి చెక్కముక్కలు సగం అతికించేసరికి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తిరిగి రాలేదు.

చలికాలం వెళ్ళాక మిర్లాన్ వచ్చి, అక్క దగ్గర నేర్చుకున్నవాళ్ళందరి తరఫునా అడిగాడు. సంవత్సరీకం రోజు అతిథుల ముందు ఆ విమానం ఎగరేస్తామన్నాడు. షేర్గాజీ వాడి మొహం మీద తలుపు వేశాడు. వేసి, మళ్ళీ తీశాడు.

"నేనే ఎగరేస్తాను," అన్నాడు.

మిర్లాన్ నవ్వలేదు. నవ్వి ఉంటే పని అక్కడితో అయిపోయేది. "నేర్చుకుంటావా? అలాంటిది ఇంకోటి కట్టేవాళ్ళు లేరు బావా. పడిందంటే పడిందే. ఒక పని చేద్దాం. నా పాత విమానం మీద నేర్పుతాను. సంవత్సరీకానికి ముందురోజుకల్లా, ముక్క విరక్కుండా వరసగా మూడుసార్లు లేపి, తిప్పి, దించు. దించావా, అక్క విమానం నీ చేతికే. లేదంటే నేనెగరేస్తాను."

షేర్గాజీ వాడి చేతిలో చెయ్యి వేశాడు. వేయకూడదని తెలుసు. కానీ రిమోట్ ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలియనివాడికి ఇంకో దారి లేదు.

వీడంటే షేర్గాజీకి గిట్టకపోవడానికి కారణం ఉంది. బురుల్ శవాన్ని గుడారంలో పడుకోబెట్టిన రోజు బయట ఇంటి మగాళ్ళు కర్రల మీద వంగి నిలబడ్డారు. ఆచారం ప్రకారం వచ్చేవాళ్ళు దూరం నుంచే గొంతెత్తి ఏడుస్తూ రావాలి. నిలబడ్డవాళ్ళు బదులుగా గొంతెత్తి ఏడవాలి. మిర్లాన్ రోడ్డు మలుపు నుంచే "అక్కా" అంటూ కుక్కలు ఉలిక్కిపడేలా ఏడుస్తూ వచ్చాడు. షేర్గాజీ నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. నలభై ఒక్క ఏళ్ళ కాపురం చేసినవాడు గుంజలా నిలబడ్డాడని, బయటివాడు కడుపు చించుకున్నాడని లోపల ఆడవాళ్ళు చెప్పుకున్నారు. ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. షేర్గాజీ అప్పటినుంచి ఒకచోట కూర్చోలేదు. టీ కూడా నిలబడే తాగుతాడు.

కట్టడం మాత్రం తేలిగ్గానే వచ్చింది. తోలు కోసి జీన్లు కుట్టిన చేతులవి. బురుల్ గీసిన కాగితం చూసుకుంటూ రెక్క పూర్తి చేశాడు. బొమ్మ విమానాలకి వాడే తేలికపాటి బాల్సా చెక్క రొట్టెలా తెగేది. ఎర్ర ప్లాస్టిక్ కాగితాన్ని ఇస్త్రీపెట్టెతో ముడత లేకుండా అతికించాడు. తోక జోలికి మాత్రం పోలేదు. ఆమె బిగించిన ఒక్క మేకుని గాని, ఒక్క తీగని గాని ముట్టుకోలేదు.

చిక్కొచ్చిందల్లా ఎగరేయడం దగ్గరే.

"భయమేస్తే చేతులు తీసెయ్," అనేవాడు మిర్లాన్. "దానంతటదే సర్దుకుంటుంది. అక్క మొదటి రోజు మాకు నేర్పింది అదే."

"పగ్గాలు వదిలేసినవాణ్ణి గుర్రం ఏం చేస్తుందో తెలుసా నీకు? మా మేనమామని దుప్పట్లో మూట కట్టి తెచ్చారు."

"ఇక్కడ నువ్వు నేల మీదే ఉన్నావు కదా బావా. నిన్నెవరు మూట కడతారు?"

మాట నిజమే. కానీ విమానం తలదించి నేలవైపు దూసుకొచ్చినప్పుడు చేతికి ఆ సంగతి తెలియదు. బెదిరిన గుర్రాన్ని ఆపాలంటే లాగాలి. ఇంకా బెదిరితే ఇంకా లాగాలి. మీట లాగితే విమానం తల ఎత్తుతుంది, వేగం పోతుంది, వేగం పోయాక కిందికే. కోచ్‌కోర్ ఎత్తు మీద ఊరు. గాలి పల్చన. ఇక్కడ తప్పు చేసినవాణ్ణి గాలి ఆదుకోదు.

మధ్యాహ్నమైతే కనుమలోంచి ఈదురుగాలి మొదలవుతుంది. అప్పుడు ఎగరేయడం కుదరదు. అయినా షేర్గాజీ విరిగింది అతికించేసి, జిగురు ఆరకముందే, పొలాలకి మందులు చల్లే విమానాలు ఒకప్పుడు దిగిన ఆ పాత మైదానానికి మళ్ళీ వెళ్ళేవాడు. గాలి ఆగిందేమో చూసి వచ్చేవాడు. మళ్ళీ వెళ్ళేవాడు. వాకిట్లో కట్టేసిన గుర్రం కూడా అతణ్ణి చూసి చూసి తల తిప్పుకునేది.

గడువు రోజు పొద్దున్నే మైదానం మీద మంచు తెల్లగా ఉంది. గాలి లేదు.

మొదటిసారి లేపాడు, తిప్పాడు, దించాడు. చక్రం రాయికి తగిలింది గానీ విరగలేదు.

"ఒకటి," అన్నాడు మిర్లాన్.

రెండోసారి ఇంకా బాగా దిగింది. మిర్లాన్ గింజలు నమలడం మానేశాడు.

మూడోసారి రెండు చుట్లు బాగానే తిరిగింది. దింపడానికి తనవైపు తిప్పుకున్నాడు. ఎదురుగా వచ్చే విమానానికి కుడి ఎడమలు తారుమారవుతాయి. ఎడమ రెక్క వాలింది. సరిచేయబోయి ఇంకా వాల్చాడు. రెక్క నిట్టనిలువుగా అయింది.

"చెయ్యి తియ్," అన్నాడు మిర్లాన్.

షేర్గాజీ లాగాడు.

ఈసారి ముక్కలు ఏరడానికి టోపీ చాలలేదు. ఇద్దరూ కోటు పరిచి అందులో వేశారు.

"రా. తీసుకుపో," అన్నాడు చివరికి షేర్గాజీ. "మాటంటే మాటే."

"రేపొద్దున తీసుకుంటాలే బావా."

"ఇప్పుడే. రేపటిదాకా ఉంచితే నా బుద్ధి మారచ్చు."

ఇంట్లోకి వెళ్ళారు. మిర్లాన్ బల్ల ముందు నిలబడి ముందు చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. రెక్క మీద వేలు పోనిచ్చి, "ఇది నువ్వు చేశావా?" అని, "పర్లేదు," అన్నాడు. బ్యాటరీ తగిలించి రిమోట్ మీట వెనక్కి లాగాడు. తోక పలక గోరంత లేచి ఆగింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ గోరంతే.

"ఇదేంటి? తోక ఏమైనా కదిపావా?"

"ముట్టుకోలేదు."

మిర్లాన్ విమానాన్ని తిరగేసి కిటికీ వెలుతురులో పెట్టాడు. తోక పలక కింద ఒక చిన్న ప్లాస్టిక్ కొమ్ము ఉంది. దానికి వరసగా నాలుగు బెజ్జాలు. లోపలి మోటారు నుంచి వచ్చిన తీగ ఆ బెజ్జాల్లో ఒకదాంట్లో తగిలి ఉంది.

"చూడు బావా. తీగ పలకకి దగ్గరగా తగిలిస్తే పలక బాగా ఊగుతుంది. దూరంగా పోయేకొద్దీ తక్కువ. మా అందరికీ రెండో బెజ్జమే. అక్క ఇంకోటి పెట్టగా నేను చూడలేదు. ఇది చివరిది." నాలుక చప్పరించాడు. "ఒంట్లో బాగాలేనప్పుడు చేసింది కదా. పొరబడి ఉంటుంది. పట్టకారు ఉందా? మార్చేస్తాను."

షేర్గాజీ పట్టకారు ఇచ్చాడు. మిర్లాన్ తీగ పట్టుకోబోయి ఆగిపోయాడు. వంగి దగ్గరగా చూశాడు.

"మిగతా మూడూ పూడ్చేసి ఉన్నాయి."

"అంటే?"

"జిగురుతో పూడ్చింది. పైన గరుకుకాగితం పెట్టి రుద్దింది కూడా. ఎవరూ మార్చకూడదని." మిర్లాన్ నడుం నిటారుగా చేశాడు. "ఇలా కడితే మీట ఎంత లాగినా విమానం తల కొంచెమే ఎత్తుతుంది. పల్టీ కొట్టదు. అలా అని పడదు కూడా. ఎగరేయడం వచ్చినవాడికి ఇదెందుకూ పనికిరాదు. అక్క ఎవరికోసమని..."

మాట సగంలో ఆపి షేర్గాజీ చేతుల వైపు చూశాడు.

తొమ్మిదేళ్ళ కిందటి సంగతి. అదే మైదానం. బురుల్ నవ్వుతూ వచ్చి రిమోట్ అతని చేతుల్లో పెట్టింది. ఒక్కసారి పట్టుకుని చూడమంది. పట్టుకున్నాడు, లాగాడు. విమానం బంగాళాదుంపల చేలో పడింది. "నీ బొమ్మకి మూతి మొద్దు, కళ్ళెం లాగినా తెలీదు," అని రిమోట్ ఆమె చేతిలో పడేసి వెళ్ళిపోయాడు. ఆమె ఒక్కతే చేలోకి దిగి ముక్కలన్నీ కొంగులో ఏరుకుంది. సాయంత్రం అన్నం పెడుతూ ఒకే మాట అంది: "నీ గుర్రాలన్నిటికీ మూతులు చీలి ఉంటాయి, గమనించావా?" అతను గమనించలేదు. ఆ మాట ఎందుకందో కూడా అడగలేదు.

"చెప్పలేదు," అన్నాడు షేర్గాజీ. గొంతులో కోపం ఉంది. "ఏడాది పాటు ఈ బల్ల మీదే చేసింది. నేను ఈ పక్క నుంచి ఆ పక్కకి వెయ్యిసార్లు తిరిగాను. ఒక్క ముక్క చెప్పలేదు."

"నువ్వడిగావా?"

షేర్గాజీ కిటికీ దాకా వెళ్ళాడు. తిరిగి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు.

"పట్టుకుపో. ఓడిపోయాను. ఒకళ్ళు వదిలేస్తే తీసుకునే అలవాటు నాకు లేదు."

"నేనేం వదల్లేదు," అన్నాడు మిర్లాన్. "విమానం నాదే. పందెం నేనే గెలిచాను. నాది కాబట్టి, ఎవడెగరేయాలో నేనే చెప్తాను. రేపు నువ్వెగరేస్తున్నావు. పడేశావో, నా విమానం పడేశావని ఊరంతా చెప్తాను."

మర్నాడు మైదానం అంచున గుర్రాలు కట్టేశారు. పెద్ద బానల్లో మాంసం ఉడుకుతోంది. తెల్లటి తలగుడ్డలు చుట్టుకున్న ముసలమ్మలు దుప్పట్లు పరిచి కూర్చున్నారు. షేర్గాజీ అక్క బాత్మా అందరికీ వినపడేలా అంది:

"పెళ్ళాం పేరు మీద గుర్రాన్ని కోసి, వీడు పిట్టనెగరేస్తాడట. ఏడవాల్సిన రోజు ఏడవలేదు. ఇవాళ ఆడుకుంటాడు."

షేర్గాజీ వినిపించుకోలేదు. చెమటకి రిమోట్ జారుతోంది. మిర్లాన్ విమానాన్ని తల మీదికెత్తి, నాలుగడుగులు పరిగెత్తి గాలిలోకి వదిలాడు.

ఎర్ర రెక్క ఎండలోకి లేచింది. మొదటి చుట్టు వెళ్ళింది. రెండో చుట్టులో కనుమ వైపు నుంచి గాలి ముందుగానే వచ్చింది. విమానం కుదుపు తిని తల దించి వాళ్ళవైపే తిరిగింది. ముసలమ్మల్లో ఎవరో అల్లాని తలుచుకున్నారు.

షేర్గాజీ లాగాడు. వేలు తెల్లబడేదాకా, మీట ఇంక వెనక్కి పోనంతవరకు లాగాడు.

విమానం తల కొంచెం ఎత్తింది. అంతే. నిలబడలేదు, పడలేదు. అతనెంత అరిచినా విననట్టుగా, తన దారిన తాను, అందరి తలల మీంచి దాటి వెళ్ళిపోయింది. అతనింకా లాగుతూనే ఉన్నాడు. అది ఇంకా వెళ్తూనే ఉంది.

ఆ వెళ్ళడం అతనికి తెలుసు. నలభై ఒక్క ఏళ్ళు ఇంట్లో బురుల్‌లో అదే చూశాడు.

మూడు చుట్లయ్యాయి. నాలుగు. ఏడు.

"బావా, బ్యాటరీ అయిపోతోంది. దించు."

"ఇంకొక్క చుట్టు."

"ఇప్పటికి మూడుసార్లన్నావు ఆ మాట."

ఎనిమిదో చుట్టు సగంలో పంకా ఆగింది; తోక కదిలేంత బ్యాటరీ మాత్రం మిగిలింది. మైదానం మీద ఒక్కసారిగా చప్పుడు లేకుండా పోయింది. ఉడుకుతున్న బానల చప్పుడు వినిపించింది. విమానం ఎదురుగా, తిన్నగా, మెల్లగా దిగుతూ వస్తోంది. మిర్లాన్ అతని భుజం పక్కనే నిలబడ్డాడు.

"ముట్టుకోకు. ఇంకా ముట్టుకోకు. రానీ." విమానం గడ్డికి మోకాలెత్తు దాకా వచ్చింది. "ఇప్పుడు లాగు, బావా. ఇప్పుడు నీ ఇష్టమొచ్చినంత లాగు."

షేర్గాజీ లాగాడు. విమానం తల కాస్త ఎత్తి, తోక ముందుగా గడ్డికి ఆనించి, కూర్చుంది. జారి ఆగింది. ఒక్క ముక్క విరగలేదు.

మిర్లాన్ మొహం తిప్పుకున్నాడు. మళ్ళీ ఏడుస్తున్నాడు. షేర్గాజీ ఈసారి ఏమీ అనుకోలేదు. అతని బొటనవేలు ఇంకా మీటని లాగిపట్టే ఉంది.

"వదిలెయ్ బావా. దిగింది కదా. అతిథులు ఆకలి మీదున్నారు."

"ఉండనీ," అన్నాడు షేర్గాజీ. "ఇంకో బ్యాటరీ పెట్టు."