పెట్టె ఆగిన చోట

నేను ఒక హార్మనీ పెట్టెను. బెజవాడలో ఒక వడ్రంగి టేకుచెక్కతో నా ఒళ్లు కట్టి, తోలు అంటించి ఊపిరి పోశాడు. మొదట్లో నాటకాల కంపెనీలో ఉండేదాన్ని. కృష్ణుడి వేషగాడు రాగం ఎత్తి దించడం మరిచిపోతే వెనకాల నేనే ఈడ్చుకుంటూ పోవాలి. చప్పట్లు మాత్రం ఆయనకి. కంపెనీ చితికిపోయాక కొత్తమడుగు చర్చివాళ్లు నన్ను కొన్నారు. పాస్టరు అయ్యగారు నా మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసి, నేను వాయించిన పద్యాలన్నిటినీ క్షమించేశారు. అదే గాలి, అవే మెట్లు. తేడా ఎక్కడుందో నాకైతే తెలియలేదు.

అక్కడే నాకు బర్నబా మాస్టారు దొరికారు. అబ్బ, ఏం వేళ్లండీ అవి! చరణం చివర స్వరాన్ని తుంచేయకుండా మెల్లగా జార్చేవారు. ఎవరైనా ప్రార్థన చేస్తుంటే వెనక సన్నగా పెట్టె మోగుతూ ఉండాలని మావాళ్లకో అలవాటు. ఆ పని ఆయనలా ఎవరూ చేయలేదు. ఆదివారం బడికి వచ్చే కెజియా అనే పిల్ల నా పక్కన కూర్చుంటే, దాని వేళ్లు పట్టుకుని ఒక కీర్తన నేర్పారు. ఆ పొద్దుటిపూటలు తలుచుకుంటే ఇప్పటికీ నా తోలు బిగుసుకుంటుంది.

నన్ను సైకిలుకు కట్టుకుని ఆయన ఊరూరా గృహప్రార్థనలకు వెళ్లేవారు. ఒకనాడు ఒంటరిగా ఉండే ఒకామె ఇంట్లో, ఆమె మోకరించి కళ్లు మూసుకున్నాక, ఆయన వాయించడం ఆపేసి భుజం మీది తువ్వాలు తీశారు. నా ఊపిరి ఆగిన చోటే ఆమె ఊపిరీ ఆగింది. నేను కళ్లారా చూశాను. అరవాలన్నా ఆయన వేళ్లే కావాలి నాకు.

తర్వాత మరో ఊళ్లో ఒకామె, ఇంకో ఊళ్లో మరొకామె. ఇంట్లో పూచికపుల్ల కూడా పోలేదు. అప్పటికి కెజియా పెరిగి ఎస్సై అయి, మా ఊరి స్టేషనుకే వచ్చింది. చనిపోయిన ముగ్గురి తలల మీదా చీర చెంగు ఉంది. హంతకుడే కప్పాడన్నారు స్టేషన్లో అందరూ. కెజియా మాత్రం ఆ ఫోటోలు చూసి, చెంగు వాళ్లే వేసుకున్నారందట. మా ఆడవాళ్లు తల మీద ముసుగు వేసుకునేది ప్రార్థనకే.

మూడో ఆమె పక్కింటావిడను మళ్లీ అడిగింది.

"ఏమన్నా వినపడిందా అమ్మా? ఎవరన్నా వచ్చారా?"

"ఎవురూ రాలేదమ్మా. ఏమీ వినపళ్లా. ప్రార్థన జరుగుతా ఉంది, అంతే."

"ప్రార్థనని నీకెట్టా తెలుసు?"

"పెట్టె మోగింది కదమ్మా!"

ప్రార్థనకు వచ్చినవాణ్ణి వచ్చినవాడి కింద లెక్కేయరు మావాళ్లు. పెట్టె కట్టుకుని ఊరూరా తిరిగేది మాస్టారొక్కరే.

కెజియాకు తల్లి లేదు. పెంచింది మేనత్త తబితమ్మ. ఆమె కూడా ఒంటరిదే. శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థనకు వస్తానని మాస్టారు ఆమెకు కబురు పంపారు. కెజియా విషయం చెప్పి, తలుపు తియ్యొద్దని బతిమాలింది.

"తియ్యకపోతే ఇంకో ఇంటికి పోతాడు గదే," అంది ముసలామె. "రానీ. కానీ దేవుడి ముందు దొంగ ప్రార్థన నావల్ల కాదు."

"నువ్వు నిజంగానే చేసుకో అత్తా. కళ్లు నేను తెరిచి ఉంచుతా."

శుక్రవారం మాస్టారూ నేనూ వెళ్లాం. తబితమ్మ చెంగు తల మీదకు లాక్కుని మోకరించింది. "ప్రభువా, ఈ బిడ్డ మనసులో ఏముందో నీకు తెలుసు, వాణ్ణి విడిపించు," అంటూ ఆయన కోసమే మొదలుపెట్టింది. మాస్టారి వేళ్లు ఒక స్వరం తప్పాయి. ఈసారికి ఆ పని మానేస్తారనే అనుకున్నాను. వాయించండి మాస్టారూ, వాయిస్తూ ఉండండి అని నాలో నేను మొత్తుకున్నాను. వేళ్లు లేచిపోయాయి. భుజం మీది తువ్వాలు చేతుల్లోకి వచ్చింది.

తలుపు చాటున ఉన్న కెజియా వచ్చి ఆ చేతుల్ని వెనకనుంచి ఒడిసిపట్టుకుంది. కానిస్టేబుళ్లు పరుగెత్తుకొచ్చారు. ఇంత గొడవలోనూ తబితమ్మ కళ్లు తెరవలేదు. ప్రార్థన ముగించి, ఆమేన్ అన్నాకే చూసింది. అప్పుడు ఏడ్చింది.

ఎందుకు చేశారో ఆయన కోర్టులోనూ చెప్పలేదు. జైల్లోనే పోయారు. ఇప్పటికీ 'ఆయన' అనే అంటున్నాను, చూడండి. నన్ను కొన్నాళ్లు సాక్ష్యంగా బీరువాలో పెట్టి, తర్వాత చర్చికి ఇచ్చేశారు. ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేక చాపలు దాచే గదిలో పడి ఉన్నాను. ఎలుకలు మాత్రం నన్ను వెలివేయలేదు.

మొన్న తబితమ్మ పోయింది. ఆమె జ్ఞాపకార్థ కూడికకు, జుట్టు నెరిసిన కెజియా నన్ను తనే దుమ్ము దులిపి తెచ్చుకుంది. చిన్నప్పుడు మాస్టారు నేర్పిన, అత్తకు ఇష్టమైన ఆ ఒక్క కీర్తనే అందుకుంది. చరణం చివర స్వరం మెల్లగా జారింది. అది ఆయన జారు. ఆమెకూ తెలిసింది. అయినా వాయించింది.

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు. కెజియా మూసుకోలేదు. ఆమేన్ అనేదాకా పెట్టె ఆగలేదు.