ఏడో సీటు దగ్గర పౌడరు

ఏడో సీటు దగ్గర మళ్లీ దుమ్ము లేచింది. కంటికి ఆనే దుమ్ము కాదు, గోడకున్న యంత్రం లెక్కపెట్టి చెప్పే దుమ్ము. బాంగ్ పా-ఇన్‌లోని ఆ ఫ్యాక్టరీలో కంప్యూటర్లకు హార్డ్ డిస్కులు తయారవుతాయి. డిస్కులో అద్దంలాంటి పళ్లెం గిర్రున తిరుగుతుంటే, రాతను చదివే మొన దానికి తాకీ తాకనట్టు తేలుతూ ఉంటుంది. ఆ సందులో ఒక్క రేణువు దూరినా పళ్లెం గీసుకుపోతుంది. వారంలో నాలుగు రోజుల సరుకు అలాగే చెత్తబుట్ట పాలైంది.

అది ఒంటికి రాసుకునే పౌడరేనని ల్యాబ్ వాళ్లు తేల్చారు. ఇక పైవాళ్లు ఆ వరస లీడరు బుప్ఫా ప్రాణాలు తోడేశారు. ఈ ఎండల్లో స్నానం చేసి మెడ నిండా పౌడరు పులుముకోకుండా గడప దాటని జనం వీళ్లు. అయినా డిస్కులు బిగించే ఆ గదిలోకి మాత్రం ఒట్టి ముఖాలతో, నెత్తి నుంచి పాదాల దాకా తెల్ల ముసుగుతో, దుమ్ము దులిపే గాలిజల్లు కింద నిలబడి మరీ వస్తారు. బుప్ఫా అందరి అల్మారాలూ వెతికింది. చెవుల వెనక కూడా చూసింది. ఎక్కడా ఏమీ దొరకలేదు.

"అక్కా, పైవాళ్లు పేరు అడుగుతున్నారు," అన్నాడు ఇంజనీరు వొరపోత్. వయసులో ఆమె కంటే పదిహేనేళ్లు చిన్నవాడు. "సోమవారం లోపు రిపోర్టు పోవాలి. పేరు దొరికితే ఆ మనిషిని తీసేస్తారు, లేకపోతే మన వరసే ఆపేస్తారు."

"దొరికితే నేను చెప్పనా? దుమ్ము నా మేనత్త కూతురేం కాదు."

ఏడో సీటులో కూర్చునేది మలివన్. ఇరవై రెండేళ్లది, నోట్లో నాలుక లేని పిల్ల. ఇంకో పది రోజుల్లో ఆమె ఉద్యోగం పర్మినెంటు కావాలి. దుమ్ము లేచేది పొద్దున్నే, మొదటి అరగంటలో. ఆ తర్వాత దానంతట అదే తగ్గిపోతుంది. ఆ అరగంట సంగతే బుప్ఫాకు మింగుడు పడలేదు.

శుక్రవారం పొద్దున ఆరున్నరకే వచ్చి గేటు ఎదుట జావ బండి దగ్గర కూర్చుంది. గేటు పక్క సందులో ఒక ముసలావిడ పనివాళ్ల పిల్లల్ని చూసుకుంటుంది. మలివన్ ఏడు నెలల కొడుకును చంకనేసుకుని వచ్చింది. సోయాపాల గడ్డలా తెల్లగా, మెత్తగా ఉంటాడని వాడికి తౌహూ అని పేరు. రేకుల గదిలో ఉక్కకు ఒళ్లంతా చెమటకాయలు పేలాయి, వాడి మెడ మడతల నిండా పౌడరే.

ఇక్కడి ముద్దుకు పెదవులతో పనిలేదు. బుగ్గకు ముక్కు ఆనించి వాసన పీల్చుకోవడమే ముద్దు. మలివన్ ఒక బుగ్గ, రెండో బుగ్గ, మెడ, పొట్ట, మళ్లీ మెడ, పన్నెండు గంటలకు సరిపడా పీల్చుకుని, వాణ్ని ముసలావిడ చేతుల్లో పెట్టి గేట్లోకి పరుగెత్తింది. ముఖం కడుక్కుంటుంది సరే, ముక్కులోపల ఎవరు కడుక్కుంటారు?

బుప్ఫా జావ గిన్నె పక్కన పెట్టేసింది. పేరు దొరికింది. ఇంత వెతికాక దొరికింది ఇదా అని ఏడుపొచ్చింది.

శనివారం మలివన్‌ను బయట పెట్టెలు లెక్కపెట్టే పనికి పంపింది. ఎందుకో చెప్పలేదు. తను సందులోకి వెళ్లి "ఆ పిల్లాణ్ణి ఇలా ఇవ్వు పిన్నీ," అంది. తౌహూ కొత్త ముఖం చూసి ఏడవలేదు, చెవిపోగు కోసం చెయ్యి చాచాడు. బుప్ఫా వాడి మెడలో ముక్కు దూర్చి పీల్చింది. ఒకసారి చాలు, పరీక్షకే కదా. ఎన్నిసార్లు పీల్చిందో ఆమెకే తెలియలేదు.

తరువాత నియమం ప్రకారం ముఖం కడుక్కుంది, ముసుగులు తొడుక్కుంది, గాలిజల్లు కింద నిలబడింది. వొరపోత్‌ను పక్కన నిలబెట్టుకుని ఏడో సీటులో కూర్చుంది. పది నిమిషాలకు యంత్రం మీద అంకెలు ఎగబాకాయి.

"నా ఊపిరే ఇది," అంది బుప్ఫా. "పొద్దున పసివాణ్ణి ముద్దు పెట్టుకుని వచ్చాను. నియమం ఒక్కటీ తప్పలేదు, కావాలంటే కెమెరాలో చూసుకోండి. సిగరెట్టు కాల్చి వచ్చే మగాళ్లకి బెంచీ వేసి, రెండు గ్లాసుల నీళ్లిచ్చి, ఊపిరిలో పొగ తగ్గేదాకా అరగంట కూర్చోబెట్టి పంపుతున్నారు కదా. వాళ్లలో ఒక్కణ్ణయినా తీసేశారా?"

వొరపోత్ అంకెలు రాసుకున్నాడు. "వారం నుంచీ ఏడో సీటులో ఉన్నది మీరు కాదు కదక్కా."

"పేరు కావాలన్నారు. నా పేరు రాసుకోండి. ఇవాళ తెలిసి చేసింది నేనే."

"మీకు పసివాడెక్కడున్నాడు? మీ అమ్మాయి కాలేజీలో చదువుతోందిగా."

"అదీ ఒకప్పుడు పసిదే," అంది బుప్ఫా. "మూడు నెలలప్పుడు మా ఊరు రోయ్-ఎట్‌లో మా అమ్మ దగ్గర వదిలేసి ఈ గదిలోకి వచ్చాను. ఇప్పుడు సెలవులకి పోతే, చుట్టానికి పెట్టినట్టు దణ్ణం పెడుతుంది."

వొరపోత్ కాగితం ముందుకు లాక్కున్నాడు. రిపోర్టులో పేరుండాల్సిన చోట 'పసివాళ్ల పౌడరుకు నియమమే లేదు' అని రాశాడు. దాని కింద, చంటిపిల్లల తల్లులకూ అదే బెంచీ, అదే అరగంట, జీతంతో సహా అని రాసి సంతకం చేశాడు. పైవాళ్లు రెండు రోజులు గొణిగి ఒప్పుకున్నారు.

బుధవారం బట్టలు మార్చుకునే గదిలో మలివన్ తల వంచుకుని నిలబడింది. కళ్లు వాచి ఉన్నాయి.

"నావల్లేనంట కదక్కా. పెట్టెల దగ్గర అందరూ అంటున్నారు. ఇక పొద్దున వాణ్ణి ముట్టుకోను. చూడకుండానే ఇచ్చేసి వచ్చేస్తాను."

"ఏం వాగుతున్నావే?" బుప్ఫా కసిరింది. "ఆ అరగంట వాడి కోసమే కొట్లాడి తెచ్చాను. కడుపునిండా పీల్చుకుని రా, బెంచీ మీద కూర్చో, నీళ్లు తాగు. మానావంటే నేను ఊరుకోను. నా కూతురి దగ్గర నేను మానేశాను, చూస్తున్నావుగా."