మ్యాట్నీలో చచ్చినవాళ్లు

సారపాకలో ఆంథోని వీడియో హాలు వెనక తలుపుకు ఎదురుగా విశ్రాంతమ్మ చాయ్ బండి ఉండేది. మ్యాట్నీ మొదలవగానే ఆమె పొయ్యి మీద పాలు పెట్టేది. కాసేపటికి సినిమాలో చచ్చినవాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చేవాళ్లు.

ఎనభై ఏడు ఎండాకాలమంతా హాల్లో ఒకటే ఇంగ్లీషు క్యాసెట్టు. చుక్కల మధ్య పోయే రాకెట్లో ఆరుగురు, వాళ్లను వరసగా నరికే ముసుగు మనిషి ఒకడు. నరకబడ్డవాళ్లు మెడ మీద నెత్తురుతో వచ్చి బల్ల మీద కూర్చునేవాళ్లు. ఫస్ట్ షో గంట కొడితే లేచి లోపలికి పోయేవాళ్లు. వాళ్ల పేర్లకు నోరు తిరగక విశ్రాంతమ్మ తనకు తెలిసిన పేర్లు పెట్టుకుంది.

"మళ్ల ఏమైంది?" అనేది గ్లాసు అందిస్తూ.

"ఎనక నుంచి వచ్చిండమ్మా," అనేవాడు జంపయ్య.

"నిన్న గూడ ఎనక నుంచే గదా."

"లోపలికి పోతే ఏదీ యాదికుండదు."

అందరికన్నా చివర ఇన్నమ్మ వచ్చేది. జంపయ్యను చూసి కొయ్యబారిపోయేది. రాకెట్లో తలుపు అవతల అతని గొంతే వినబడుతుంది. కాపాడదామని తలుపు తీస్తుంది. ఆ గొంతు ముసుగువాడిది.

"నువ్వెప్పుడొచ్చినవ్?"

"చాన సేపాయె. ఇది రెండో చాయ్."

ఆ పిల్ల ముఖం రోజూ చూడలేక, ఒకనాడు విశ్రాంతమ్మ పొయ్యి జంపయ్యకు అప్పగించి హాల్లోకి పోయింది. జనం నేల మీద కూర్చుని ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. టీవీలో ఇన్నమ్మ ఒక్కతే ఉంది. తలుపు అవతల జంపయ్య గొంతు ఏడుస్తోంది. ఆమె గడియ మీద చెయ్యి వేసింది.

"తియ్యకు బిడ్డా," అంది విశ్రాంతమ్మ. "వాడు ఎప్పుడో సచ్చిండు. నా పొయ్యి కాడ పాలు చూస్తుండు."

ఇన్నమ్మ తల తిప్పి హాల్లోకి చూసింది. ముఖం పాలిపోయింది. గడియ వదిలేసి తలుపుకు వీపు ఆనించి కూలబడింది. ముసుగువాడు జంపయ్య గొంతుతో పిలిచి పిలిచి, చివరికి సొంత గొంతుతో దగ్గాడు. సినిమా అయిపోయింది. ఎంతసేపటికీ ఎవరూ లేవలేదు.

ఆ రోజు ఇన్నమ్మ జనంతో పాటు ముందు తలుపు నుంచి వచ్చింది. మెడ మీద చిన్న గీత కూడా లేదు. జంపయ్య చేతిలో గ్లాసు జారి పగిలింది.

"నీకేం కాలేదా?"

"అమ్మ తియ్యొద్దన్నది."

గంట మోగింది. ఐదుగురూ లేచి పోయారు. వాళ్ల వెనకే నడిచిన ఇన్నమ్మకు మాత్రం లోపల ఆంథోని, టీవీ, ఖాళీ చాపలే కనిపించాయి. చచ్చినవాళ్లకే గాని బతికినవాళ్లకు రాకెట్లోకి దారి లేదు. విశ్రాంతమ్మ ఆమెను ఇంటికి తీసుకుపోయి, తన చీర ఇచ్చి, అన్నం పెట్టింది.

మర్నాడు మ్యాట్నీకి ఇన్నమ్మ హాల్లో అందరికన్నా ముందు కూర్చుంది. టీవీలో జంపయ్య కనబడగానే లేచి నిలబడి, "ఎనకకు చూడు," అంది.

జంపయ్య ఆమెనే చూశాడు. నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. ముసుగువాడికి అంత సులువుగా ఎవరూ ఎప్పుడూ దొరకలేదు.

ఇన్నమ్మ పరుగున బయటికి వచ్చేసరికి అతను బల్ల మీద ఒక్కడే ఉన్నాడు. తక్కిన నలుగురూ ఇంకా బతికే ఉన్నారు.

"చూడమంటే చూడవేంది?" అంది ఏడుస్తూ.

"ఎవరో ఎరుకున్న మనిషి లెక్క కనబడ్డవ్. ఎవరా అని చూసుకుంట ఉండిపోయిన."

ఇన్నమ్మ కళ్లు తుడుచుకుని అతని పక్కన కూర్చుంది. లోపల సినిమా ఇంకా చాలా ఉంది.