పొగాకు వాపసు

మా అమ్మ ఎముకల్ని ఆపిల్ పెట్టెలో పడేశారు. కళ్ళారా చూశాను. రిజర్వాయర్ కింద మునిగే మా సమాధుల్ని బుల్‌డోజర్‌తో తవ్వి, ఎవరివో ఏమిటో చూడకుండా పెట్టెలకెత్తుతున్నారు. సగం మంది ఇంకా మట్టిలోనే ఉన్నారు. రేపు ఆనకట్ట గేట్లు దించేసి నీళ్ళు నింపుతారట. నీళ్ళెవరికి? కింద చక్కెర బీటు దుంపల చేల ఆసాములకి.

"మీ పెద్దాయన ఒప్పుకున్నాడుగా, నా చేతి పొగాకు తీసుకున్నాడు," అన్నాడు ఇంజనీరు నవ్వుతూ.

మా క్రీ తెగవాళ్ళలో పొగాకు పెట్టి అడిగితే, తీసుకున్నవాడు ఆ పని చేసి తీరాలి. వరద ఎందాకా వస్తుందో చూపించమన్నాడు వీడు. మా ఊరి పెద్ద ఫీలిక్స్ తాత నమ్మి చూపించాడు. దాన్నే ఊరంతా ఒప్పుకున్నట్టు చెప్పుకున్నారు, దొంగ వెధవలు.

ఆ సాయంత్రం చర్చి హాల్లో పెద్ద గొడవ.

"అంతా నీ మూలంగానే తాతా," అన్నాడు నా తమ్ముడు లియో.

"నిజమేరా. తీసుకున్నాక వాడికి ఎదురు నిలబడలేను."

రోజ్ పిన్ని లేచింది. "చూపించమన్నాడు, చూపించావు. ఊరినిమ్మని అడిగాడా మావయ్యా? అంత పట్టింపైతే వాడి పొగాకు వాడికి పడేసి రా."

"తాగేశాను కదే."

అంత కోపంలోనూ నవ్వొచ్చింది మాకు. పిన్ని తన సంచిలోంచి చిటికెడు పొగాకు తీసి తాత టోపీలో వేసింది. టోపీ హాలంతా తిరిగింది. నిండింది.

పొద్దున్నే అందరం ఆనకట్ట దగ్గరికి నడిచాం. తాత టోపీని ఇంజనీరు జీపు మీద బోర్లించాడు. "నీది నీకు ముట్టింది. ఇక నీకూ నాకూ చెల్లు," అని గేట్ల మీది వంతెనపై కూర్చున్నాడు. పక్కనే మేమూ. ముసలాణ్ణి లాగేస్తే మిగతావాళ్ళు పోతారనుకున్నారు పోలీసులు. లాక్కెళ్ళారు. ఒక్కరూ లేవలేదు.

ఇంతలో బీటు చేలకు కూలీలను తీసుకెళ్ళే లారీ వచ్చింది. ఏటా ఎక్కేది మేమే.

"ఎక్కండెక్కండి, మొక్కలు పలచన చెయ్యకపోతే పంట పోతుంది," అని మేస్త్రీ కేకలు.

"నీళ్ళు తెప్పించుకుంటున్నారుగా, ఆ నీళ్ళతోనే పలచన చేయించుకోండి," అంది పిన్ని.

లారీ ఖాళీగా పోయింది. ఆడవాళ్ళు గేట్ల మీదే ఉన్నారు. మేం పోలీసు స్టేషన్‌కి బయల్దేరాం. దారిలో చేలల్లో పనిచేస్తున్న హంగరీ నుంచి వలసొచ్చిన కూలీలు ఏమైందని అడిగారు. చెప్పాం. పారలు గట్టున పడేసి మా వెంట నడిచారు. స్టేషన్ వాకిట్లో జనం పట్టలేదు.

తాతని వదిలారా అంటారేమో. ఇంకా వదల్లేదు. గేట్లు మాత్రం దిగలేదు.