చెక్క కప్పు రూలు

ఆ రోజు పొద్దున ఆకాశం కనబడలేదు. కొండల అవతల ఎక్కడో అడవి అంటుకుంది. పొగ వచ్చి మా మీద కూర్చుంది. అందులోంచి సూర్యుడు ఎర్రగా కాసేపు కనబడి మళ్ళీ పోయాడు. ట్రక్కు అద్దం మీద బూడిద పడితే చేత్తో తుడిచి బయల్దేరాను. ఈ పొగ చూసయినా జనం సంతకాలు పెడతారనుకున్నాను.

మాది కొండవాలులో, పైన్ చెట్ల మధ్య అరవై చిల్లర ఇళ్ల కాలనీ. ఈ స్థలాలు అమ్మిన ఆసామి యాభై ఏళ్ల కిందట రాసిన రూల్సే ఇప్పటికీ నడుస్తున్నాయి. ఇంటి కప్పులన్నీ దేవదారు చెక్క పలకలతోనే ఉండాలన్నది అందులో ఒకటి. అందం కోసం పెట్టాడు. ఎండలు ముదిరితే ఆ పలకలు అగ్గిపుల్లలతో సమానం. అక్టోబరు లోపల చెక్క తీసెయ్యకపోతే ఇన్సూరెన్సు ఆపేస్తామని మా పక్కింటి వెర్నాకి కంపెనీ ఉత్తరం రాసింది. ఇన్సూరెన్సు ఆగితే ఇంటికి అప్పిచ్చిన బ్యాంకు ఊరుకోదు, ఇల్లు పోతుంది. చెక్క తీసి రేకు వేస్తే కాలనీ అసోసియేషన్ ఊరుకోదు, జరిమానా వేసి కోర్టుకు లాగుతుంది. భర్త పోయాక వెర్నాకు మిగిలింది ఆ ఇల్లే.

రూలు మారాలంటే మూడింట రెండు వంతుల ఇళ్లవాళ్లు ఔనని సంతకం పెట్టి కాగితం పంపాలి. కాగితం రాని ఇల్లు కాదన్నట్టే లెక్క. చిక్కంతా అక్కడే ఉంది.

గడ్డి పండించుకుని బతికినవాణ్ణి నేను. గుమ్మాలెక్కి బతిమాలడం నాకు రాదు. అయినా ఆ వేసవంతా అదే పని చేశాను.

ముందు ఎల్డన్ ఇంటికి వెళ్లాను. వాకిట్లో ట్రైలర్ బండి మీదున్న తన పడవ కింద వెల్లకిలా పడుకుని ఏదో బిగిస్తున్నాడు. కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి.

"ఎల్డన్, ఆ కాగితం."

"ఏ కాగితం?"

"కప్పు కాగితం. ఇప్పటికి రెండుసార్లు ఇచ్చాను."

"నాకేం అభ్యంతరం లేదని చెప్పా కదయ్యా హార్లన్."

"చెప్పావు. సంతకం పెట్టలేదు."

"అభ్యంతరం ఉన్నోడు పంపుతాడు. నేను పంపలేదంటే ఒప్పుకున్నట్టేగా."

"పంపకపోతే కాదన్నట్టు. పైన పెద్ద అక్షరాలతో రాసుంది."

"అదెక్కడి న్యాయం?"

"అదీ ఆ ఆసామి రాసిందే. ఇదిగో, ఇంకో కాగితం తెచ్చాను. పెన్ను కూడా ఉంది."

"చేతులనిండా గ్రీజు. రేపు మా ఆవిడతో పంపిస్తాలే."

పంపలేదు.

తర్వాతి ఇంట్లో రోవేనా లోపలికి పిలిచి చల్లటి టీ ఇచ్చింది. పెరట్లో కాసిన జుకినీ కాయలు వద్దన్నా సంచీ నిండా పెట్టింది. కాగితం మాత్రం మడతపెట్టి టీ గ్లాసు కింద పెట్టుకుంది.

"డెల్బర్ట్ కుక్క అరవకుండా కూడా ఒక రూలు పెట్టించు. అప్పుడు సంతకం చేస్తా."

"ఇది కప్పుల గురించమ్మా."

"తిరగడం ఎలాగూ తిరుగుతున్నావుగా. కుక్క సంగతి కూడా కలిపితే నీకేం పోయింది?"

"వెర్నా ఇల్లు పోతుంది."

"అయ్యో, పోనిస్తామా వెర్నా ఇల్లు? ఇంకాస్త టీ పొయ్యనా?"

డెల్బర్ట్ నన్ను వాకిట్లోనే నిలబెట్టాడు. కిందటేడే అతను కొత్త దేవదారు పలకలు వేయించుకున్నాడు.

"రూలు ఉందని నేను పాటించాను. వెర్నాకేమిటి ప్రత్యేకం?"

"రేపు నీక్కూడా అదే ఉత్తరం వస్తుంది."

"వచ్చినప్పుడు చూసుకుంటా."

"ఆ పొగ చూస్తున్నావా?"

"ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నా."

కాగితం లాక్కుని, కాదన్న గడిలో గీత పెట్టి, సంతకం చేసి నా చేతికిచ్చాడు. ఒళ్లు మండింది. కానీ ఆ రోజు మొత్తం మీద అడిగిన పని చేసి పంపింది అతనొక్కడే.

కాగితాలు పంపే గడువు అయిపోయింది. పదకొండు ఇళ్ల సంతకాలు తక్కువయ్యాయి. కాదని రాసిచ్చిన ఇల్లు డెల్బర్ట్‌ది ఒక్కటే. మిగతావాళ్లంతా మాకు అభ్యంతరం లేదన్నవాళ్లే. మళ్ళీ ఓటు పెట్టాలంటే వసంతంలో జరిగే సమావేశం దాకా ఆగాలి.

ఆ మాట వెర్నాకి నేనే చెప్పాను. ఆమె గిన్నెలు కడుగుతూ వింది.

"రేకులు తెప్పించుకుంటున్నా హార్లన్."

"కోర్టుకు లాగుతారు."

"లాగనీ. ఇన్సూరెన్సు వాళ్ల తేదీ ముందొస్తోంది. ముందు దాని సంగతి చూడాలి."

శనివారం మేమిద్దరమే పని మొదలుపెట్టాం. కాసేపటికి ఎల్డన్ నిచ్చెన వేసుకుని వచ్చాడు. వెనకాల అతని భార్య, బావమరిది. రోవేనా గొడ్డు మాంసమూ చిక్కుళ్లూ ఉడికించిన పెద్ద కుండ మోసుకొచ్చింది. ట్రక్కు మీద ట్రక్కు వచ్చి వీధి నిండిపోయింది. ఆఖరికి డెల్బర్ట్ కూడా గడ్డపార తీసుకుని వచ్చాడు.

"నువ్వెందుకొచ్చావయ్యా?" అన్నాను.

"రూలు రూలే. ముసలామె కప్పెక్కి పడిపోతే చూస్తూ ఊరుకోమంటావా?" అని నిచ్చెనెక్కాడు. అందరికంటే ఎక్కువ చెక్క పీకింది అతనే.

పొద్దు వాలేలోపు రేకులు బిగించడం అయిపోయింది. మంచి పని చేశారు. ఒక్క మేకు కూడా వంకర పోలేదు. వాకిట్లో చెక్క బల్లలు వేసి అందరం కూర్చున్నాం. ఎల్డన్ నా వీపు తట్టాడు.

"చూశావా హార్లన్, నువ్వు వేసవంతా కాళ్లరిగేలా తిరిగావు. మేం ఒక్క రోజులో తేల్చేశాం."

నేను మామూలుగా మాట్లాడేవాణ్ణి కాను. అప్పుడు ఆగలేకపోయాను.

"ఏం తేల్చారు? సోమవారం అసోసియేషన్ ఈమెకు నోటీసు రాస్తుంది. కప్పు పీకెయ్యమని. రాసేది మన అందరి పేరు మీద."

"మేం ఊరుకుంటామా?" అంది రోవేనా.

"వేసవంతా ఊరుకునే ఉన్నారు కదమ్మా."

ఎల్డన్ చెయ్యి నా వీపు మీద నుంచి జారింది. డెల్బర్ట్ తన అరచేతిలో గుచ్చుకున్న చెక్క పేడు తీసుకుంటూ తల వంచుకున్నాడు.

వెర్నా లేచి కుండ మూత తీసింది. ఒక్కొక్కరి గిన్నెలో నిండుగా పోసింది. నా గిన్నెలో కూడా పోసింది, నా మొహం వైపు చూడకుండా. మొక్కజొన్న రొట్టె తుంచి ఒకరి చేతికొకరం అందించుకున్నాం. గిన్నెలు ఖాళీ అయ్యేదాకా తింటూనే ఉన్నాం.