కొత్త కన్నుకు పండుం

పొద్దున ఆరున్నరకు తండాలో ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఉద్యోగాలున్నవాళ్ళు పాల్వంచ బస్సెక్కుతారు, లేనివాళ్ళు చేలకు పోతారు, సంగీత అమెరికా పోతుంది. పోవడమంటే పెద్ద ప్రయాణమేం కాదు. గోడకున్న పగుళ్ళు కనపడకుండా ఒక దుప్పటి వేలాడదీసి, లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. అవతల ఒహాయోలో కళ్యాణి కూర్చుంటుంది.

కళ్యాణి పుట్టింది పెరిగింది అక్కడే. వాళ్ళ నాన్నది తల్లాడ కాబట్టి తెలుగు వచ్చీరాని తీరుగా వస్తుంది. డాక్టరు కావాలని ఆశ. అక్కడ డాక్టరు చదువుకు ఎంక్యాట్ అని ఒక ప్రవేశ పరీక్ష ఉంది. అందులో కెమిస్ట్రీ, బయాలజీలతో పాటు మనుషుల మనసు గురించి, సమాజం గురించి ఒక భాగం మొత్తం పెట్టారు. నాడి పట్టుకునే ముందు మనిషిని అర్థం చేసుకోండి అని కాబోలు. కెమిస్ట్రీలో ఎదురులేని కళ్యాణి ఈ భాగం దగ్గర రెండుసార్లు బోల్తా పడింది. మూడు వందల మాటలకు అర్థాలు కార్డుల మీద రాసుకుని కంఠతా పట్టింది, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అదే ఒక మనిషిని చూపించి ఇతను చేస్తున్నదేమిటని అడిగితే నోరు వెళ్ళబెడుతుంది.

సంగీత సోషియాలజీలో ఎమ్మే. లెక్చరర్ ఉద్యోగం రాక, హైదరాబాదులో ఒక కంపెనీకి ఇంటి నుంచే పాఠాలు చెబుతోంది. కంపెనీవాళ్ళు స్లయిడ్లు ఇచ్చారు. వాటిని దాటి సొంత కథలు చెప్పనని సంతకం కూడా చేయించుకున్నారు. ఆ సంతకం తడి ఆరకముందే సంగీత జంపక్క కథ మొదలుపెట్టింది.

జంపక్క వాగు అవతలి కోయగూడెం మనిషి. అరవై దాటాయి. ఎన్ని దాటాయో అడిగితే కసురుకుంటుంది. ఇప్పపువ్వు, విస్తర్లు కుట్టే అడ్డాకులు తండాకు తెచ్చి అమ్ముతుంది. కుడికంటికి శుక్లం పూర్తిగా కమ్మేసింది, ఎడమ కన్ను కూడా మసకబారుతోంది. సంగీత తల్లి హేమ్లి ఆ చుట్టుపక్కల ఆశా వర్కరు. కంటి క్యాంపు పెట్టిన ప్రతిసారీ జాబితాలో జంపక్క పేరు రాస్తుంది, జీపు వచ్చిన రోజున జంపక్క అడవిలో ఉంటుంది. ఇట్లా నాలుగుసార్లయింది. ఒకసారి తేనె కోసమని, రెండుసార్లు తునికాకు కోసమని తప్పించుకుంది. నాలుగోసారి చుట్టం ఒకాయన చనిపోయాడని చెప్పింది. ఆ చనిపోయినాయన వారం తిరక్కుండా వచ్చి హేమ్లి దగ్గరే జ్వరం మాత్రలు పట్టుకుపోయాడు.

ఈసారి క్యాంపు మూడు వారాల్లో, భద్రాచలంలో. ఇంకా ఆలస్యం చేస్తే కుడికన్ను ముదిరిపోయి, ఆపరేషన్ చేసినా చూపు రాకపోవచ్చని కంటి డాక్టరు గట్టిగా చెప్పాడు. హేమ్లికి అన్నం సహించడం లేదు. ఆమె కొత్తగా ఆశా అయిన రోజుల్లో గూడెంవాళ్ళు ఆమెను చూస్తే తలుపులు వేసుకునేవారు. అందరికంటే ముందు తన బిడ్డను కాన్పుకు దవాఖానాకు పంపింది జంపక్కే. ఆ సంగతి తలుచుకుంటే హేమ్లికి కళ్ళు చెమ్మగిల్లుతాయి, నాలుగు ఎగవేతలు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఒకనాడు రొట్టెలు చేస్తూ ఆ మంట కూతురి మీదికి మళ్ళించింది.

"అమెరికావాళ్ళకు మనుషుల మనసు నేర్పుతానని రోజూ గంటసేపు ఒర్రుతవు. ఒక ముసలామె మనసు మళ్ళించి చూపియ్యి."

"చూపిస్త యాడీ," అంది సంగీత. తండాలో అందరిలాగే ఆమె తల్లిని యాడీ అంటుంది. "క్యాంపు రోజు ఆమెను నేనే బస్సెక్కిస్త."

మర్నాడు కళ్యాణికి ఈ పందెం చెబితే ఆ పిల్ల కుర్చీలో ఎగిరినంత పని చేసింది. మొదటి ఉపాయం ఆమే కార్డుల్లోంచి తీసింది. ముందు చిన్న కోరిక అడగాలి, మనిషి సరేనన్నాక ఇంకొంచెం పెద్దది అడగాలి, అట్లా పోయి పోయి అసలుది అడగాలి. పుస్తకాల్లో దీనికి పెద్ద పేరుంది, బోలెడన్ని ప్రయోగాలున్నాయి.

సంగీత గూడేనికి పోయి జంపక్కను మంచినీళ్ళడిగింది. ఇచ్చింది. కాసేపు కూర్చోనా అంది. కూర్చోమంది. కూర్చున్నదానివి ఎట్లాగూ కూర్చున్నావు, ఈ ఇప్పపువ్వులో పుల్లలేరమంది జంపక్క. ఏరింది. ఏరినదానివి అట్లనే చాప మీద ఆరబోయమంది. ఆరబోసింది. బోరింగు కాడికి పోయేదాకా వచ్చావు, రెండు బిందెలు తెమ్మంది. మధ్యాహ్నానికి సంగీత కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని వాగు గట్టెక్కుతూ, తను వచ్చిన పని అడగనేలేదని గుర్తు తెచ్చుకుంది. వెనక్కి తిరిగి అడిగింది. ఆ రోజు అడవికి పోయే పనుందని జంపక్క చాలా మర్యాదగా చెప్పింది.

కళ్యాణి ఇదంతా విని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఆ ఉపాయాన్ని ఇంక జన్మలో మరిచిపోనంది. సంగీతకు మెడ పట్టేసింది.

రెండో ఉపాయం నలుగురు నడిచే దారిని చూపించడం. తనవంటివాళ్ళు చేస్తే మనిషి తనూ చేస్తాడు. తండాలో యశోద పోయినేడు ఆపరేషన్ చేయించుకుంది, సూదిలో దారం తనే ఎక్కించుకుంటోంది. సంగీత ఆమెను వెంటబెట్టుకుని గూడేనికి పోయింది. జంపక్క యశోదను పక్కన కూర్చోబెట్టుకుని, ఇప్పుడేమేం కనబడుతున్నాయని ఎంతో శ్రద్ధగా అడిగింది. అడగడమే ఆలస్యం, యశోద కష్టాలమూట విప్పేసింది. కోడలు తోమిన గిన్నెలకు జిడ్డు పోవడం లేదట. ఇన్నాళ్ళూ అదే కంచంలో తిన్నానే అని గిన్నెలన్నీ మళ్ళీ తనే తోమిందట. మొగుడి మొహం చూస్తే ఈయన ఇంత ముసలాడెప్పుడయ్యాడని గుండె ఆగినంత పనయిందట. అద్దంలో తన మొహం చూసుకుని రెండు రోజులు తిండి మానేసిందట.

జంపక్క అంతా విని, పాపం అని యశోద వీపు నిమిరి పంపించింది.

మూడో ఉపాయం పెద్ద హోదా ఉన్నవాళ్ళతో చెప్పించడం. ఫోనులో కంటి డాక్టరును చూపిస్తే జంపక్క ఆయన దగ్గు విని, కరక్కాయ ఎట్లా చప్పరించాలో పావుగంట చెప్పింది. డాక్టరు రాసుకున్నాడు.

పందెం పెట్టి పదిహేను రోజులు గడిచాయి. సంగీతకు నవ్వు పోయి గుబులు పట్టుకుంది. ముందురోజు జంపక్క తండాలో ఇప్పపువ్వు కొలుస్తూ, కొలతడబ్బా నిండిందో లేదో వేలు పెట్టి చూసుకోవడం తను చూసింది. పాఠం తెరవకుండా ఆ సంగతే కళ్యాణికి చెప్పింది.

కళ్యాణి కార్డులు పక్కన పెట్టింది. "మేడం, ఎందుకు వద్దు అని ఆమెని అడిగారా?"

సంగీతకు చచ్చేంత సిగ్గేసింది. ఎమ్మేలో రెండేళ్ళు చదివింది అదే. ముందు అడగాలి, తర్వాత వినాలి. ఆ రోజే పోయి అడిగింది.

జంపక్క గడప మీద కూర్చుని చీపురు కట్టుకుంటోంది. చెయ్యి ఆపలేదు.

"కొత్త కన్ను పెడతరని మీ యాడీనే చెప్పింది. కొత్త మామిడికాయైనా, కొత్త చిక్కుడుకాయైనా పండుం చెయ్యకముందు మేం నోట్ల పెడతమా బిడ్డా? మరి కన్నుకు పండుం ఎవలు జేసిండ్రు? నేను ఊకెనే పెట్టుకొనొస్తే పెద్దలు ఊకుంటరా?"

పండుం అంటే కోయలకు కొత్తల పండుగ. ఏ కొత్త కాయైనా, గింజైనా ముందు వేల్పుకూ చనిపోయిన పెద్దలకూ పెట్టాకే మనుషులు తాకాలి. సంగీత జంపక్క మొహంలోకి పరీక్షగా చూసింది. పెదవి చివర ఏదో కదిలినట్టనిపించింది, నవ్వో ఈగో తెలియలేదు.

ఇంటికొచ్చి చెబితే హేమ్లి తల కొట్టుకుంది. కొత్త కన్ను అనేది ఆమె సొంతంగా కనిపెట్టిన మాట. శుక్లం, లెన్సు అంటే ఎవరికీ పట్టదని, పదేళ్ళుగా ఇల్లిల్లూ తిరిగి ఆ మాటే ఊదరగొడుతోంది. ఒక్క జంపక్కే కాదు, గూడెంలో పేరు రాయించుకున్న మిగతావాళ్ళు కూడా క్యాంపు రోజున ఎందుకు మాయమయ్యేవారో ఆమెకు అప్పుడర్థమైంది.

ఇక మిగిలింది గూడెం పూజారి పోతయ్య. జంపక్కకు సొంత అన్న, డెబ్బై ఏళ్ళవాడు. గంభీరమైన మనిషి. ఎవరొచ్చినా తలెత్తి చూడకుండానే అడుగుల చప్పుడు విని పేరు పెట్టి పిలుస్తాడు. అది వేల్పు ఇచ్చిన శక్తి అని గూడెమంతా చెప్పుకుంటుంది. తల్లీకూతుళ్ళు పోయి కన్నుకు పండుం చేస్తావా అని అడిగితే ఆయన రెండు రోజులు ఆలోచించాడు. కొత్త వస్తువేదైతే ఉందో అది వేల్పు ముందర పెట్టాలి, అది తెస్తే చేస్తానన్నాడు. హేమ్లి భద్రాచలం పోయి, క్యాంపువాళ్ళు రోగులకు చూపించడానికి ఉంచుకున్న గడువు తీరిన లెన్సు ఒకటి బతిమాలి తెచ్చింది.

ఆ ఆదివారం పొద్దున కళ్యాణి పాఠం గూడెంలోనే జరిగింది. సంగీత ఫోను ఎత్తి పట్టుకుంది. వేల్పు పందిరి కింద ఆకు మీద చిన్న డబ్బా, అందులో మెంతిగింజంత లెన్సు, పక్కన కాళ్ళు కట్టిన కోడిపుంజు. గూడెమంతా వచ్చింది. పోతయ్య కోయలో పెద్దల పేర్లు చదువుతూ పసుపుబియ్యం చల్లాడు. బియ్యం ఆకుకు జానెడు దూరంలో పడ్డాయి. మళ్ళీ చల్లాడు, ఈసారి పుంజు మీద పడ్డాయి. గూడెంవాళ్ళు భక్తిగా చేతులు జోడించారు.

ఫోనులోంచి కళ్యాణి మెల్లగా అంది. "మేడం, తాతకి కనబడటం లేదు."

సంగీత చూసింది. ఆయన డబ్బా కోసం నేలంతా తడుముతున్నాడు. మూడు వందల కార్డులు బట్టీపట్టిన పిల్ల అంత దూరం నుంచి ఒక మనిషిని పట్టేసింది. పక్కనే నిలబడ్డ తను పట్టలేదు.

పూజ అయింది. జంపక్క లేచి, గూడెమంతా వినేలా, సంగీతకూ అర్థం కావాలని తెలుగులోనే అంది.

"అన్నా, ఏ కొత్తదైనా ముందుగాల పూజారే తినాలె గదా. నువ్వు ముట్టందే మేమెట్ల ముడ్తం? కన్ను గూడ గంతే."

పోతయ్య మొహం ఎర్రబడింది. "నా కండ్లు మంచిగనే ఉన్నయి," అన్నాడు.

"మంచిగుంటే డాక్టరే ఎల్లగొడతడు. పోయి రా."

గూడెం పెద్దలు తలలూపారు. ఆచారం ఆచారమే. పోతయ్య తన చేత్తో చేసిన పండుం, తను కాదంటే ఎట్లా? పుంజు కూర తిన్నంతసేపూ ఆయన చెల్లెలి వైపు మొహం తిప్పలేదు. తిప్పినా ఏం కనబడేది కాదనుకోండి.

క్యాంపు రోజున ఒక్క జంపక్క కాదు, పదకొండు మంది భద్రాచలం బస్సెక్కారు. మొదటి రోజు మొదటి పేరు పోతయ్యది. ఇన్నాళ్ళు ఎట్లా తిరిగావయ్యా, రెండు కళ్ళూ పోయేవి అని డాక్టరు కేకలేస్తూనే ఒక కంటికి ఆపరేషన్ చేశాడు. మర్నాడు పొద్దున కట్టు విప్పారు. పోతయ్య కాసేపు గోడ చూశాడు, కిటికీ చూశాడు, ఎదురుగా నిలబడ్డ జంపక్కను చూశాడు. "ఇంత బక్కగైనవేందే," అన్నాడు. ఆమె ఆయన తువ్వాలుతో ఆయన మొహమే తుడిచింది.

అన్న కట్టు విప్పేదాకా ఆగుతానన్న జంపక్క పేరు ఆ తర్వాత పిలిచారు. వరండాలో బెంచీ మీద సంగీత ఆమె పక్కన కూర్చుంది. పాఠం వేళ ఎప్పుడో దాటింది. అయినా కళ్యాణి ఫోనులోనే ఉంది. అడగకుండా ఉండలేక అడిగేసింది సంగీత. పెద్దమ్మా, పండుం సంగతి నిజమేనా, మమ్మల్ని ఆడించావా అని.

"పండుం నిజమే. కన్నుకు ఉన్నదో లేదో నాకేం తెలుసు?" అంది జంపక్క. అన్న పడుకున్న గది వైపు చూసి గొంతు తగ్గించింది. "మూడేండ్ల సంది మా అన్నకు కనపడతలేదు. నేను కనిపెట్టిన. పోదాం పా అంటే నన్ను కొట్టొచ్చిండు. పూజారికి కండ్లు పోయినయంటే వేల్పు కోపమొచ్చిందంటరని ఆయన భయం. నాకు ముందు చూపొస్తే, నన్ను నడిపియ్య చెల్లె కండ్లున్నయి గదా అని ఆయన ఇంక కదలడు. గందుకే నేను గూడ పోలే."

నాలుగుసార్లు తప్పించుకున్న మొండి ముసలామె అనుకుంది సంగీత. ఆ నాలుగుసార్లూ ఈమె తన కన్ను పణంగా పెట్టి అన్న కోసం ఆగింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఫోనులో కళ్యాణి ముక్కు చీదుకోవడం వినబడింది.

నర్సు తలుపు తెరిచి మళ్ళీ పిలిచింది. జంపక్క లేవలేదు. బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

"ఇప్పటిదాంక అన్న ముచ్చటే ఉండె. ఇగ నా వంతొచ్చింది. భయమైతాంది బిడ్డా."

భయపడేవాళ్ళకు చెప్పాల్సినవి పుస్తకంలో చాలా ఉన్నాయి, సంగీత వాటినే రోజూ నేర్పుతోంది. ఫోను బెంచీ మీద పెట్టేసి జంపక్క చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ లేచి తలుపు దాకా నడిచారు. సంగీతను లోపలికి రావద్దని నర్సు చెప్పింది. జంపక్క చెయ్యి వదల్లేదు. చివరికి నర్సే పక్కకు తప్పుకుంది.