సందు మొదట్లో డ్యూటీ

ఆ సందు మొదట్లో డ్యూటీ అంటే కానిస్టేబులుకి తొలి రోజుల్లో ప్రాణం హాయిగా ఉండేది. నీడ ఉంది, ఎదురుగా టీ కొట్టుంది, పరుగులు పెట్టే పనిలేదు. సందు చివరి ఆరోగ్య కేంద్రంలో, మత్తుమందు ఎక్కించుకునేవాళ్ళకి కొత్త సూదులిచ్చి వాడినవి వెనక్కి తీసుకుంటారు. ఒకరి సూది ఇంకొకరు పొడుచుకుని హెచ్‌ఐవీ తెచ్చుకోకూడదని ఆ ఏర్పాటు. స్టేషన్లో కేసులు తగ్గినప్పుడల్లా ఇన్‌స్పెక్టరుకి ఆ సందే గుర్తొచ్చేది. అక్కడికి వచ్చేవాళ్ళు బక్కప్రాణులు, పారిపోలేరు. జేబులో వాడిన సూది దొరికితే చాలు, జీపెక్కించడమే.

కొన్నాళ్ళకి కేంద్రంలోంచి నర్సమ్మ వచ్చింది. కోపంగా కూడా లేదు, అలిసిపోయి ఉంది.

“మీరిక్కడ నిలబడ్డప్పట్నుంచి లోపల మేం ఈగలు తోలుకుంటున్నామండీ. వాళ్ళు మానేశారనుకుంటున్నారా? ఒక్క సూదితో నలుగురు కానిస్తున్నారు.”

“నన్నేం చెయ్యమంటావమ్మా, పైవాళ్ళ మాట,” అన్నాడతను. ఆ మాట అనీ అనీ అతనికే విసుగు పుట్టింది.

అతని బావమరిది కార్లకి సీట్లు కుట్టేవాడు. మంచి పనిమంతుడు. నడుం దెబ్బ తిన్నాక నొప్పికని మొదలుపెట్టిన ఇంజెక్షను, నొప్పి పోయినా వాణ్ణి వదల్లేదు. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పిల్లల ముందు “మామయ్యకి ఒంట్లో బాగాలేదు” అనేవారు. అదీ నిజమే.

ఒక మధ్యాహ్నం ఆ బావమరిదే కేంద్రంలోంచి బయటికొచ్చాడు. కానిస్టేబులు పక్కన హెడ్డు కూడా ఉన్నాడు. బావని చూసి వాడు తల దించుకుని పరాయివాడిలా నడిచాడు.

“ఏయ్, జేబులు చూపించు,” అన్నాడు హెడ్డు.

కానిస్టేబులే గబగబా ముందుకెళ్ళి, వాడి జేబులోంచి కొత్త సూదుల పొట్లం లాగి, కింద పడేసి బూటుకాలితో నలిపేశాడు. “కొత్తవే సార్, కేసు నిలవదు. పోరా! మళ్ళీ ఈ చుట్టుపక్కల కనపడ్డావో, కాళ్ళిరగ్గొడతా!” అని గసిరాడు. వాడు మలుపు తిరిగాక, గండం గడిచిందనుకున్నాడు కానిస్టేబులు.

“ఇవాళ నేను లేకపోతే నీ తమ్ముణ్ణి లోపలేసేవాళ్ళు,” అని ఇంటికెళ్ళి భార్యతో అన్నాడు. ఆవిడ ఆ పూట కొసరి కొసరి వడ్డించింది.

వానలు వెనకబట్టాక బావమరిదికి జ్వరం పట్టుకుంది. తగ్గడం, తిరగబెట్టడం. అక్కే ఆసుపత్రికి తీసుకెళ్ళి పరీక్షలు చేయించింది. సాయంత్రం మొగుడు బెల్టు విప్పుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, హెచ్‌ఐవీ అని చెప్పింది. అప్పటికే ఎక్కడో ఏడ్చేసి వచ్చినట్టుంది.

బావమరిది ముందుగదిలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

“ఎవడి సూదిరా?”

“అందరిదీ బావా. వంతెన కింద గోడ కన్నంలో ఒకటి దాచుకునేవాళ్ళం. జేబులో ఉంటే మీవాళ్ళు పట్టుకుంటారు కదా.”

“అంతకుముందు?”

“అంతకుముందు నా సూది నాదే. ఇంకొకడిది ముట్టేవాణ్ణి కాదు. సీట్లు కుట్టే సూదే ఎవడికీ ఇవ్వను, ఇదిస్తానా?” అని నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి దిగింది.

“ఆ రోజు అవి తొక్కేస్తే మానేస్తావనుకున్నానురా.”

“నన్ను కాపాడావనే అనుకున్నా బావా, ఒట్టు. కానీ సాయంత్రానికి ఒళ్ళంతా మెలిపెట్టేస్తుంటే ఏది దొరికితే అదే.”

మర్నాడు కానిస్టేబులు ఇన్‌స్పెక్టరు ముందు నిలబడ్డాడు. “ఆ సందులో కాపలా తీసేద్దాం సార్. మనకి భయపడి వాళ్ళు సూదులు పంచుకుంటున్నారు.”

“నాకు మాత్రం సరదానా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు కళ్ళు నులుముకుంటూ. “పైనుంచి కేసులెన్నని అడుగుతారు, రోగాలెన్నని అడగరు. నీకు ఇబ్బందైతే ట్రాఫిక్‌లోకి పో.”

అతన్ని ట్రాఫిక్‌లో వేశారు. సందు మొదట్లోకి ఇంకొకడొచ్చాడు.

హెచ్‌ఐవీకి మాత్రలు కూడా ఆ కేంద్రంలోనే ఇస్తారు. కానిస్టేబులు సెలవు పెట్టి, మామూలు చొక్కా వేసుకుని, బావమరిదిని తీసుకెళ్ళాడు. నర్సమ్మ అతన్ని గుర్తుపట్టింది, ఎత్తిపొడవలేదు. “రోజూ వేసుకుంటే అందరిలాగే బతుకుతావు. మధ్యలో ఆపకు,” అని వాడికి చెప్పింది. “అలవాటు మాన్పించే మందు రావడానికి ఇంకా టైం పడుతుంది. ఈలోగా సూదులు కావాలా?”

వాడు బావ మొహంలోకి చూడలేక నేల చూశాడు.

“ఇవ్వండమ్మా,” అన్నాడు కానిస్టేబులు. పొట్లం అందుకుని తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

సందు మొదట్లో కొత్త కానిస్టేబులు బావమరిదిని ఆపి ఒళ్ళంతా తడిమాడు. ఏమీ దొరకలేదు. పక్కనున్న మనిషిని అప్పుడు పోల్చుకుని, “అయ్యో, మీరా అన్నా! మీవాడని తెలీదు,” అని దారిచ్చాడు. అదే సమయానికి సందులోకి తిరగబోతున్న ఒకావిడ ఆ తడమడం చూసి, ఏదో మర్చిపోయినదానిలా చటుక్కున వెనక్కి మళ్ళింది. పాత కానిస్టేబులు ఆమెని పిలవాలనుకున్నాడు. ఏమని పిలవాలో తోచలేదు.

“నెలనెలా మాత్రలకి రావాలంటే నీకు సెలవిస్తారా బావా?”

“ఇవ్వకపోతే డ్యూటీ దిగి వస్తాలే. నడు, బస్సు పోతుంది.”